మూడు రోజుల చీటీ

బిడ్డ పోయిన రోజున కూడా మాస్టారు ఎప్పటిలాగే ఏడున్నరకి కొట్టు తలుపులు తీశాడు. రేడియోలో టైము చెప్పేదాకా నిలబడి, గోడమీది పెద్ద గడియారాన్ని దానితో సరిచూసుకుని, తర్వాత పరీక్షలో ఉన్న గడియారాల దగ్గరికి వెళ్ళాడు. బాగుచేసిన ప్రతి గడియారానికీ ఆయన ఒక అట్టచీటీ దారంతో కడతాడు. దానిమీద మూడు గళ్ళుంటాయి. రోజుకొక గడి. నిన్నటినుంచి ఇవాళ్టికి ఎన్ని నిమిషాలు ముందుకు పోయింది, ఎన్ని వెనకబడింది అన్నది అందులో రాస్తాడు. మూడో గడి నిండాకే గడియారం కొట్టు దాటుతుంది.

"ఒక్క రోజు చూసి మూత తీయకూడదండీ," అని వచ్చినవాళ్ళకి చెప్పేవాడు. "కొత్త గోడకి అలవాటు పడేదాకా ఏ గడియారమైనా కాస్త తడబడుతుంది. తొందరపడి చెయ్యి పెడితే బాగున్నది కూడా చెడుతుంది. మూడు రోజులు చూసి, సరాసరి కట్టి, అప్పుడు మాట్లాడుకుందాం."

ఈ మాట ఆయన నలభై ఏళ్ళుగా చెబుతున్నాడు. ఐదేళ్ళుగా కోడలు కూడా చెబుతోంది. పెళ్ళయి వచ్చిన కొత్తలో టీ ఇవ్వడానికి కిందికి దిగిన పిల్ల, కప్పు బల్లమీద పెట్టి, ఆయన పట్టకారు చివర ఉన్న చిన్న చక్రం వైపు చూస్తూ అరగంట నిలబడిపోయింది. నెల తిరక్కుండా ఆయన పీట పక్కన ఇంకో పీట పడింది. చెయ్యి వణకని పిల్ల. చేతిగడియారాలన్నీ ఆయన ఆమెకే వదిలేశాడు. కొట్టుకి వచ్చేవాళ్ళు ఆమెను చిన్న మాస్టారు అనేవాళ్ళు.

ఆ ఉదయం పోస్టమ్మగారి గోడగడియారానికి మూడో గడి రాయాలి. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన ఆవిడకి ఆ గడియారం తప్ప ఇంట్లో చప్పుడు చేసే మనిషి లేడు. ఆయన కలం మూత తీసేసరికి మెట్లమీద కోడలి అడుగులు వినిపించాయి. ఎనిమిదో నెల నిండింది. మెట్టుమెట్టుకీ ఆగి దిగుతోంది. దిగి, తన పీటమీద కూర్చోకుండా, బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"మామయ్యా, తెల్లారినప్పట్నుంచి కదల్లేదు," అంది.

బల్లమీది అద్దం కింద ఇంకో చీటీ ఉంది. అది ఏ గడియారానిదీ కాదు. ఏడో నెలలో కోడలు నవ్వుతూ అడిగింది, "నాకూ ఒక చీటీ కట్టండి మామయ్యా, లోపలున్నవాడు ఎలా నడుస్తున్నాడో చూద్దాం" అని. ఆయనా నవ్వుతూనే గళ్ళు గీసిచ్చాడు. సరదాకి మొదలైంది అలవాటైంది. పొద్దున టీ తాగి కూర్చుని, బిడ్డ పదిసార్లు కదలడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో ఆమె తారీఖు వేసి రాసేది. పదిహేను. ఇరవై. పద్దెనిమిది. చీటీ నిండితే ఇంకో చీటీ. మొన్న మాత్రం నలభై ఐదు అని రాసి, కలం పట్టుకునే ఆయన వైపు తిరిగింది.

"ఇవాళ మెల్లగా ఉన్నాడు మామయ్యా. తన్నే తీరు కూడా అదోలా ఉంది. ఒకసారి ఆసుపత్రికి వెళ్ళొద్దామా?"

"ఒక్క రోజు చూసి ఏం చెబుతామమ్మా. వారం సరాసరి కట్టు. ఇరవై రెండుకి మించదు. ఇంకో రెండు రోజులు చూద్దాం."

ఆమె తలూపింది. తానూ పదిమందికి చెప్పిన మాటే. నిన్న గంటా పది నిమిషాలు అని రాసింది. ఆయన ఆ అంకె చూశాడు. చూసి కూడా, "రేపటితో మూడు రోజులవుతాయిగా" అన్నాడు.

ఆసుపత్రిలో బిడ్డ గుండె చప్పుడు దొరకలేదు. మొదట నర్సు వెతికింది, తర్వాత డాక్టరమ్మ వెతికింది, తర్వాత ఇంకో మిషను తెప్పించారు. డాక్టరమ్మ తెరని తన వైపు తిప్పుకుని చాలాసేపు చూసింది. తర్వాత కోడలి చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. అప్పటికి మాస్టారి భార్యా, బస్సు డిపోనుంచి డ్రైవరు యూనిఫారంలోనే పరుగెత్తుకొచ్చిన కొడుకూ మంచానికి అటువైపు నిలబడి ఉన్నారు. మాస్టారు తలుపు దగ్గరే ఉండిపోయాడు.

"కదలికలు ఎప్పట్నుంచి తగ్గాయమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

కోడలు పైకప్పు వైపు చూస్తూ, "ఇవాళే," అంది.

ఆయన నోరు మెదపలేదు.

మగపిల్లాడు. చేతివేళ్ళు పొడుగ్గా, అచ్చం తల్లివిలా ఉన్నాయి.

*

పద్నాలుగు నెలలు గడిచాయి. బిడ్డ పోయిన మూడో నెలలో కోడలు మళ్ళీ బల్ల దగ్గరికి వచ్చింది. పని మునుపటిలాగే చేసేది. మాట మాత్రం పనికి ఎంత కావాలో అంతే. బాగుచేసిన గడియారాన్ని ఒక పూట చూసి ఇచ్చేసేది. మూడు రోజుల మాట ఆమె నోట మళ్ళీ రాలేదు, ఆయన నోటా రాలేదు. చీటీల అట్ట పైఅరలో దుమ్ము పట్టింది.

పోస్టమ్మగారి గడియారం ఒక్కటే ఆ గోడకి అలాగే ఉంది. దాని చీటీలో రెండు గళ్ళు నిండి ఉన్నాయి. ఆ రోజు ఆసుపత్రినుంచి వచ్చాక ఆయన దానికి మళ్ళీ కీ ఇవ్వలేదు. ఆవిడ నెలకొకసారి తలుపులోంచి తొంగిచూసేది.

"మా గడియారం ఏ క్లాసులో ఉంది మాస్టారూ? పరీక్షలు ఇంకా అవలేదా?"

"ఇంకా అవలేదండీ."

"నేను పోయేలోపైనా పాసవుతుందా?"

ఆయన నవ్వలేక, పట్టకారు కోసం వెతుకుతున్నట్టు తల వంచుకునేవాడు.

బిడ్డ చీటీ అద్దం కిందనుంచి ఆయన సొరుగులోకి మారి, కటకం తుడిచే గుడ్డ కింద ఉంది. ఆ సంగతి తెలిసింది ఇద్దరికే. ఆయనకి, కోడలికి. కోడలు అడగలేదు. ఆయన చెప్పలేదు. మొదటి వారం చెబుదామనుకున్నాడు, ఇల్లంతా పచ్చిపుండులా ఉంది, ఇప్పుడెందుకు అనుకున్నాడు. తర్వాత నెల చెబుదామనుకున్నాడు, కాస్త తేరుకుంటున్నారు, మళ్ళీ రేపడమెందుకు అనుకున్నాడు. వాయిదా వేయడానికి మంచి కారణం ఎప్పుడూ దొరికేది.

దాని బరువు మోసింది మాత్రం కోడలు. ఒకరోజు ఆయన మెట్లెక్కుతుంటే భార్య పక్కింటావిడతో అంటున్న మాట చెవిన పడింది. "ఆ రోజు పొద్దుటిదాకా చూసుకోనేలేదట. కడుపులో బిడ్డని మోసేదానికి ఆ మాత్రం ధ్యాస ఉండొద్దూ? గడియారాల్లో తల దూర్చి కూర్చుంటే ఇంకేం తెలుస్తుంది." కొడుకు కూడా ఒకసారి, కోపంగా కాదు, అలసటగా అడిగాడు. "ముందురోజు నీకేమీ తేడా అనిపించలేదా?" కోడలు తువ్వాలు మడతపెడుతూ, "అనిపించలేదు" అంది. పక్క గదిలో పేపరు చదువుతున్న మాస్టారు, దాన్ని తలకిందులుగా పట్టుకుని ఉన్నానని అప్పుడు చూసుకున్నాడు.

మళ్ళీ నెల తప్పిందని తెలిసిన రోజు ఇంట్లో ఎవరూ గట్టిగా సంతోషించలేదు. ఈసారి కోడలు ఏ చీటీ రాయలేదు. ఆసుపత్రిలో నర్సు చెప్పిందట, అంకె కన్నా తీరు ముఖ్యమని. నీ బిడ్డ ఎలా కదులుతుందో నీకే తెలుస్తుంది, ఆ తీరు మారిందనిపిస్తే ఏ పూటైనా సరే వచ్చెయ్యి అని. ఆరో నెలనుంచి ఆమె ఎడమచెయ్యి కడుపుమీదే ఉండేది. ఒక చేత్తోనే గిన్నెలు కడిగేది, ఒక చేత్తోనే తలుపు గడియ తీసేది. బల్ల దగ్గర పనికి మాత్రం రెండు చేతులూ కావాలి, అందుకని బల్ల దగ్గరికి రావడం మానేసింది.

ఎనిమిదో నెల సగానికి వచ్చేసరికి నాలుగుసార్లు ఆసుపత్రికి వెళ్ళొచ్చింది. నాలుగుసార్లూ కడుపుకి పట్టీలు కట్టి, కాగితంమీద గీతలు చూసి, బిడ్డ బాగుంది వెళ్ళిరమ్మన్నారు. మొదటిసారి కొడుకు సెలవు పెట్టాడు. రెండోసారి షిఫ్టు మార్చుకున్నాడు. మూడోసారి అత్తగారు వెంట వెళ్ళింది. నాలుగోసారి కోడలు ఒక్కతే వెళ్ళి ఒక్కతే వచ్చింది.

"ఆసుపత్రి వాళ్ళు నీకంటూ ఒక కుర్చీ వేసి ఉంచారేమో," అంది అత్తగారు తలుపు తీస్తూ.

కోడలు చెప్పులు విడిచి, కుడిచేత్తో వాటిని గోడవారకి జరిపి, లోపలికి వెళ్ళిపోయింది.

*

ఆ ఉదయం మాస్టారు కొట్టు తీసి, కళ్ళద్దాలు పైన మరిచిపోయానని గుర్తొచ్చి మళ్ళీ మెట్లెక్కాడు. వంటింటి తలుపు ఓరగా వేసి ఉంది. లోపల టీ మరుగుతోంది. కొడుకు కుర్చీలో వంగి బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. తొమ్మిదిన్నరకి బస్సెక్కాలి.

"తన్నడం లేదు," అంటోంది కోడలు. "కదలకపోవడం కాదు. కదులుతోంది. కానీ తన్నేది, ఇప్పుడు ఊరికే ఒత్తిగిలినట్టుంది. నిన్న రాత్రి భోజనమయ్యాక కూడా ఇలాగే ఉంది."

"కదులుతోందంటున్నావుగా," అంది అత్తగారు. "నెలలు నిండేకొద్దీ లోపల చోటెక్కడుంటుంది? పిల్లలు సర్దుకుని పడుకుంటారు. నేనూ ఒకణ్ణి కన్నాను. వీడు ఆఖరి నెలంతా రాయిలా పడున్నాడు, ఇప్పుడు చూడు, ఎంత మాటకారో."

"అమ్మా, ఉండు," అన్నాడు కొడుకు. తర్వాత భార్య వైపు తిరిగి, గొంతు తగ్గించాడు. "నాలుగు రోజుల కిందటే కదా వెళ్ళొచ్చావు. అంతా బాగుందన్నారు. నిన్ను ఆపాలని కాదు. ఇవాళ నాకు బదులు మనిషి లేడు. రెండింటికి దిగుతాను. రాగానే వెళదాం. ఈలోపు ఏమైనా అనిపిస్తే ఫోను చెయ్యి."

"తియ్యగా ఏదైనా తిని ఎడమవైపు పడుకో," అంది అత్తగారు. "ప్రతిదానికీ పరుగులు పెడితే నీ భయమే బిడ్డకి తగులుతుంది. ఐదోసారి వెళితే వాళ్ళు మాత్రం ఏమనుకుంటారు?"

కోడలు ఎడమచెయ్యి కడుపుమీదినుంచి తీసి, బల్లమీద పెట్టుకుంది.

"సరే," అంది. "మధ్యాహ్నం దాకా చూద్దాం."

మాస్టారు తలుపు బయటే ఆగిపోయాడు. ఆ మాట తనది. తన గొంతుతోనే విన్నట్టు ఉంది. కళ్ళద్దాల సంగతి మరిచిపోయి కిందికి దిగాడు. సొరుగు లాగాడు. గుడ్డ పక్కకి తోసి చీటీ తీసుకున్నాడు. మళ్ళీ పదహారు మెట్లూ ఎక్కి తలుపు తోసేసరికి ఆయనకి రొప్పు వచ్చింది.

"చూడొద్దు," అన్నాడు. "ఇప్పుడే వెళ్ళాలి."

"ఏమిటండీ, మీకేం తెలుసు ఆడవాళ్ళ సంగతి," అంది భార్య. "కిందికి వెళ్ళి మీ పని చూసుకోండి."

"నాన్నా, మేం మాట్లాడుకుంటున్నాం. మధ్యాహ్నం నేనే తీసుకెళతాను."

మాస్టారు చీటీని బల్లమీద, కొడుకు ముందు పెట్టాడు. పెట్టాక కూడా వేలు దానిమీదినుంచి తీయలేకపోయాడు. కొడుకు ఆ వేలి వైపు చూసి, చీటీని మెల్లగా లాక్కున్నాడు.

"ఏమిటిది?"

"అది చదువు. ఆఖరి రెండు గళ్ళు."

కొడుకు చదివాడు. భార్య చేతిరాత గుర్తుపట్టాడు. తారీఖులు చూశాడు. ఆ ఇంట్లో ఆ తారీఖులు ఎవరికీ చెప్పక్కర్లేదు.

"అది చూసుకుంది ఆ రోజే కాదురా," అన్నాడు మాస్టారు. "రెండు రోజుల ముందే చూసుకుంది. నాతో చెప్పింది. ఆసుపత్రికి వెళదామా మామయ్యా అని అడిగింది. నేనే వద్దన్నాను. మూడు రోజులు చూసి సరాసరి కడదామన్నాను. రెండో రోజు కూడా చెప్పింది. గంటా పది. ఆ రోజూ నేనే ఆపాను."

పొయ్యిమీద టీ పొంగి కిందికి కారింది. చివరికి కోడలు లేచి మంట ఆర్పింది.

"మీకు ముందే తెలుసా?" అన్నాడు కొడుకు.

"తెలుసు."

"డాక్టరు అడిగినప్పుడు అక్కడే ఉన్నారు."

"ఉన్నాను."

"తను ఇవాళే అంటుంటే విన్నారు."

"విన్నాను."

కొడుకు లేచి నిలబడ్డాడు. ఒక బూటు తాడు ఇంకా కట్టుకోనేలేదు. "పద్నాలుగు నెలలు ఈ బల్ల దగ్గరే కూర్చుని మాతో కలిసి తిన్నారు. ఆ రోజు వరండాలో మీరు ఏడుస్తుంటే నేను మిమ్మల్ని పట్టుకుని కూర్చున్నాను. నేను మీకు ధైర్యం చెప్పాను. ముందురోజు నీకు తేడా అనిపించలేదా అని దీన్ని అడిగాను. పక్క గదిలో మీరున్నారు. ఉన్నారు కదూ?"

"ఉన్నాను."

మాస్టారి భార్య కుర్చీలో కూలబడింది. చీటీ తన వైపు తిప్పుకుని, దూరంగా పట్టుకుని చదవబోయింది. అక్షరాలు కనిపించలేదో, కనిపించాయో. "నేను దీన్ని అనుకున్నాను," అంది. "ఒళ్ళు తెలియకుండా తిరిగిందనుకున్నాను. ఎంతమంది దగ్గర అన్నాను. దాని వంట తింటూనే అనుకున్నాను." కోడలి వైపు చూడలేక చీటీకే చెబుతున్నట్టు అంది. "నాకెందుకు చెప్పలేదే తల్లీ?"

"అత్తయ్యా, తర్వాత మాట్లాడుకుందాం," అంది కోడలు. ఆమె చెయ్యి మళ్ళీ కడుపుమీదికి వెళ్ళింది. "నాకు ఇప్పుడు వెళ్ళాలని ఉంది."

ఆ మాటతో ఇల్లు కదిలింది. కొడుకు డిపోకి ఫోను చేసి, "రాలేను, సెలవో ఇంకేదో, ఏం రాసుకుంటారో రాసుకోండి" అని పెట్టేశాడు. అత్తగారు సంచిలో బట్టలు సర్దింది. ఒకే తువ్వాలు రెండుసార్లు తీసి రెండుసార్లు పెట్టింది. కారు వచ్చాక కొడుకు ముందు సీట్లో కూర్చున్నాడు. దారిపొడుగునా వెనక్కి తిరగలేదు.

*

నర్సు కోడల్ని చూసి గుర్తుపట్టింది.

"ఐదోసారి వచ్చానండీ," అంది కోడలు, తప్పు చేసినట్టు.

"పదోసారి వచ్చినా మంచం ఇస్తాం. ఏం మారిందో చెప్పండి."

కోడలు చెప్పింది. ఈసారి ఎప్పట్నుంచి అని అడిగితే, నిన్న రాత్రి భోజనమయ్యాక, ఎనిమిదింటినుంచి అని సరిగ్గా చెప్పింది. కడుపుకి పట్టీలు బిగించారు. మిషనులోంచి గుండె చప్పుడు వచ్చింది. మాస్టారు వరండాలో నిలబడి, తలుపు సందులోంచి విన్నాడు. జీవితమంతా చప్పుడు విని జబ్బు చెప్పిన మనిషి. ఆ చప్పుడు వేగంగా, గట్టిగా ఉంది. అది బాగుందో లేదో మాత్రం ఆయనకి తెలియలేదు. తెలియదని తనకి తాను ఒప్పుకోవడం ఆయనకి అదే మొదటిసారి.

ఈసారి స్కానింగుకి కూడా తీసుకెళ్ళారు. గంటన్నర తర్వాత డాక్టరమ్మ వచ్చింది. బిడ్డ చుట్టూ ఉండాల్సిన నీరు తగ్గిందని, మూడు వారాలుగా బిడ్డ పెరగాల్సినంత పెరగలేదని చెప్పింది. గుండె ఇప్పటికి బాగానే ఉంది. కానీ ఇంటికి పంపనంది. రేపు ఉదయం ఆపరేషను చేసి బిడ్డని బయటికి తీద్దామంది.

"ఇంకో రెండు రోజులు ఆగి వచ్చుంటే?" అని అడిగాడు మాస్టారు.

"నేను చెప్పలేనండీ. ఇవాళ వచ్చారు, అది చాలు."

"పోయినసారి రెండు రోజులు ముందు వచ్చుంటే?"

డాక్టరమ్మ ఆయన మొహం వైపు చూసింది. ఇది ఎవరి ప్రశ్నో అర్థమైనట్టుంది. "బతికేవాడేమో. బతికేవాడు కాదేమో. నిజంగా తెలియదు," అంది. "తెలిస్తే చెప్పేదాన్ని."

ఆయనకి రెండిట్లో ఏదో ఒకటి కావాలని ఉండింది. ఏదైనా సరే మోయడానికి సిద్ధపడే అడిగాడు. ఏదీ దొరకలేదు.

మధ్యాహ్నం భార్య, కొడుకు టీ తాగడానికి కిందికి వెళ్ళినప్పుడు కోడలు నర్సు చేత ఆయన్ని లోపలికి పిలిపించింది. ఆయన మంచం పక్కన నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చున్నాడు.

"ఆ రోజు నన్ను కాపాడ్డానికి అబద్ధమాడావు," అన్నాడు.

"కాదు మామయ్యా." పట్టీ కింద చెయ్యి సర్దుకుంది. "మిమ్మల్ని కాపాడాలని కాదు. నిజం నా నోట రాలేదు. నేను మాత్రం ఎవర్నని? మీరు చూద్దామంటే తలూపాను. నాకు భయమేస్తున్నా తలూపాను. కాళ్ళు లేవా నాకు, ఆటో ఎక్కి రాలేనా? అది చెప్పలేక ఇవాళే అన్నాను."

ఆయన ఏదో అనబోయాడు. ఆమె ఆగమన్నట్టు తల ఊపింది.

"తర్వాత మీరు చెబుతారని చూశాను. ఒక మాట. అత్తయ్య దగ్గరైనా, ఆయన దగ్గరైనా. అది ముందే అడిగింది, నేనే ఆపానని. రోజూ మీ పక్కన కూర్చుని చూశాను. ఇవాళ చెబుతారేమో, రేపు చెబుతారేమో అని. బిడ్డ పోయినందుకు మీమీద నాకు అంత కోపం లేదు మామయ్యా. ఆ తప్పు ఇద్దరిదీ. ఆ తర్వాతి పద్నాలుగు నెలలూ మాత్రం మీ ఒక్కరివే."

మాస్టారు తల వంచుకున్నాడు. ఏడుపు రాలేదు. ఆ రోజు వరండాలో కొడుకు పట్టుకుని కూర్చుంటే వచ్చిన ఏడుపు ఇప్పుడు రాలేదు. మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని, "అవునమ్మా," అన్నాడు. "నావే."

మిషను చప్పుడు చేస్తూనే ఉంది. కాసేపటికి కోడలు అంది, "ఇవాళ చెప్పారు. నేనే చూద్దామనేశాను కదా. మీరు రాకపోతే పడుకునేదాన్ని." చెయ్యి చాపి ఆయన చొక్కా చేతిమీద ఉన్న నూనె మరక చూసింది. "ఈ చొక్కాతోనే వచ్చేశారా?"

"కళ్ళద్దాలు కూడా తెచ్చుకోలేదు."

ఆమె కొంచెంగా నవ్వింది. అప్పుడు ఆయనకి ఏడుపొచ్చింది.

*

మర్నాడు ఉదయం ఆడపిల్ల పుట్టింది. వెంటనే ఏడవలేదు. లోపలున్నవాళ్ళు ఏం చేశారో, బయట కూర్చున్న ముగ్గురికీ తెలియదు. తలుపు వెనకనుంచి సన్నటి గొంతు వినిపించేదాకా మాస్టారి భార్య కొడుకు మోచెయ్యి వదల్లేదు. నర్సు బయటికొచ్చి, "నాన్న ఎవరు, రండి" అంది. కొడుకు లేచి లోపలికి వెళ్ళాడు. బెంచీమీద మాస్టారికీ భార్యకీ మధ్య ఒక మనిషి కూర్చునేంత ఖాళీ మిగిలింది. కాసేపటికి ఆవిడ జరిగి ఆ ఖాళీలోకి వచ్చింది. ఆయన భుజానికి భుజం ఆనించి కూర్చుంది.

బిడ్డని పది రోజులు అద్దాల పెట్టెలో ఉంచారు. వెచ్చగా, బొటనవేలంత పాదాలతో, ఆగి ఆగి ఊపిరి తీసుకునేది. ఇంటికి తెచ్చాక అత్తగారు తన మంచం కోడలి గదిలోకి మార్చుకుంది. పక్కింటావిడ చూడ్డానికి వచ్చినప్పుడు, అడక్కుండానే ఆవిడతో చెప్పింది. "పోయినసారి దాని తప్పేమీ లేదు. అది చూసుకుంది. చెప్పింది కూడా. వినకపోయింది మేమే." మాస్టారు మెట్లమీద నిలబడి విన్నాడు. మేమే అన్న మాటలో భార్య తనని తాను కూడా కలుపుకుందని ఆయనకి కొంచెం ఆలస్యంగా తట్టింది.

ఆ వారమే కోడలు బిడ్డని ఎత్తుకుని కొట్టులోకి దిగింది. గోడ వైపు చూసి, "పోస్టమ్మగారి గడియారం ఇచ్చేయండి మామయ్యా," అంది.

ఆయన దానికి కీ ఇచ్చాడు. లోలకం కదిపాడు. చీటీ దారం కత్తిరించి, నిండని చీటీని బిడ్డ చీటీ పక్కనే సొరుగులో పెట్టాడు. పోస్టమ్మగారు వచ్చి గడియారాన్ని రెండు చేతులా అందుకుంది.

"అయితే పాసయిందన్నమాట."

"దాని తప్పేమీ లేదండీ. ఆపి ఉంచింది నేనే."

ఆవిడ ఆయన వైపు చూసి, ఇంక హాస్యమాడలేదు. "మా ఇంట్లో మళ్ళీ చప్పుడు వినిపిస్తే చాలు," అని మెల్లగా మెట్టు దిగింది.

కొడుకు ఇప్పుడు రోజూ డ్యూటీకి వెళ్ళేముందు కొట్టులోకి వస్తాడు. మొదటి రెండు వారాలూ అటు తొంగి చూడలేదు. ఇప్పుడు వస్తాడు. టీ కప్పు తెచ్చి బల్ల అంచున, పనిముట్లకి తగలకుండా పెడతాడు. "చల్లారకముందే తాగండి" అంటాడు. బిడ్డ రాత్రి ఎన్నిసార్లు లేచిందో, బరువు ఎంత పెరిగిందో రెండు ముక్కల్లో చెబుతాడు. మాస్టారు పట్టకారు కింద పెట్టి, కొడుకు వెళ్ళేదాకా వింటాడు.

నాన్నా అని మాత్రం ఇంకా పిలవలేదు.